సర్కమ్‌లొక్యూషన్ అంటే డొంకతిరుగుడేనా? మేనేజర్ రాసిన ఒక్క మాట గుచ్చుకుంది

కూకట్‌పల్లి_కోడర్
నిన్న నా వార్షిక రివ్యూ అయింది. రేటింగ్ బాగానే వేశారు. కింద వ్యాఖ్యలో మాత్రం "టూ మచ్ సర్కమ్‌లొక్యూషన్ ఇన్ స్టేటస్ మెయిల్స్" అని రాశారు. మేనేజర్ లండన్ మనిషి, మాట నెమ్మది, ఎప్పుడూ గొంతు పెంచి ఎరగడు. ఆ పదం నేనెప్పుడూ వాడలేదు. నిఘంటువు తీస్తే "డొంకతిరుగుడు మాట" అని ఉంది. రాత్రంతా అదే బుర్రలో తిరిగింది. మన వాళ్ళలో ఒకణ్ణి డొంకతిరుగుడు మనిషి అన్నామంటే వాడు ఏదో దాస్తున్నాడనేగా అర్థం! నేను ఏదీ దాచలేదే.

ఆయన ఉదాహరణగా ఎత్తిచూపిన నా వాక్యం ఇది: "దేర్ మే బీ ఎ స్లైట్ పాసిబిలిటీ దట్ ద టైమ్‌లైన్ మైట్ నీడ్ టు బీ రీవిజిటెడ్ ఇన్ వ్యూ ఆఫ్ సర్టెన్ డిపెండెన్సీస్." అసలు సంగతేంటంటే డేటాబేస్ యాక్సెస్ వేరే టీమ్ ఇవ్వాలి, వాళ్ళు ఇవ్వలేదు, శుక్రవారానికి పని అవ్వదు. వాళ్ళ పేరు పెట్టి పది మంది చూసే మెయిల్‌లో రాయడం మర్యాద కాదని అలా రాశాను. మరి ఆయన నన్ను అబద్ధాలకోరు అన్నట్టా? ఇంగ్లీషులో ఆ పదం ఎంత ఘాటుగా ఉంటుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

సీమకారం
మెయిల్ రెండుసార్లు చదివినా. పని అయితాదో కాదో నాకు తెలీలేదు. నువ్వు కింద తెలుగులో చెప్పినాంక తెలిసింది. ఆయన అడిగింది గూడా అదేనేమో అబ్బయ్యా.

గుంటూరు_ఘాటు
సీమకారం, పాపం రాత్రి నిద్ర లేదంటుంటే నువ్వు మొదటి దెబ్బే గట్టిగా వేశావు.

పుంతదారి
కోడర్ గారూ, ముందు ఒక మాట. ఆ పదంలో నింద తక్కువ. విడదీసి చూడండి. లాటిన్‌లో సర్కమ్ అంటే చుట్టూ. సర్కమ్‌ఫరెన్స్, సర్కమ్‌నావిగేట్, సర్కమ్‌స్పెక్ట్, అన్నిట్లోనూ అదే ముక్క. లొక్యూషన్ అంటే పలుకు. ఎలొక్వెంట్, కొలోక్వియల్, సొలిలొక్వీ ఈ ఇంటి పిల్లలే. గ్రీకులో పెరీఫ్రసిస్ అనే మాట ఉంటే లాటిన్ వాళ్ళు దాన్ని ముక్కకు ముక్క తమ భాషలోకి తెచ్చుకుని ఇది తయారు చేశారు. ఒక్క మాటతో తేలేదానికి నాలుగు మాటలు వాడి, చుట్టూ తిరిగి రావడం. ఎందుకు తిరిగావన్నది ఆ పదం చెప్పదు. భయంతో తిరగొచ్చు, మర్యాదతో తిరగొచ్చు, దాచడానికి తిరగొచ్చు, అసలు మాటే గుర్తురాక కూడా తిరగొచ్చు. వాక్యం తీరును బట్టి పెట్టిన పేరు అది. మనిషి గుణానికి పెట్టింది కాదు.

మన డొంకతిరుగుడులో మాత్రం అనుమానం కలిసిపోయింది. "డొంకతిరుగుడు లేకుండా చెప్పరా" అన్నప్పుడే నువ్వేదో దాస్తున్నావన్న నింద అందులో ఉంది. అందుకే మీకు గుచ్చుకుంది. గుచ్చింది తెలుగు మాట. ఆయన రాసింది ఇంగ్లీషు మాట.

గుంటూరు_ఘాటు
మా వైపు పొలాలకు పోయే బండ్ల దారిని డొంక అంటాం. అటూ ఇటూ కంచెలు, మధ్యలో వంకర్లు తిరుగుతూ పోతుంది. పుంతదారి గారూ, మీ గోదావరి వైపు దాన్నే పుంత అంటారుగా, మీ పేరులోనే ఉంది. మరి "తీగ లాగితే డొంకంతా కదిలింది" అన్నప్పుడు డొంక అంటే పొద. డొంకతిరుగుడులో ఉన్నది దారా, పొదా?

పుంతదారి
తిరుగుడు ఉంది కాబట్టి దారే అని నా మనసుకు తోస్తుంది. డొంక దారిన పోయినవాడు కూడా పొలానికే చేరతాడు. కాబట్టి పాపం ఆ దారిలో దోషం లేదు.

ఓరుగల్లు_పోరడు
ఈ పదం నేను జీఆర్ఈకి చదివేటప్పుడు సూసిన. లిస్టుల వర్బోస్, లొక్వేషియస్, గారలస్, పెరీఫ్రసిస్, సర్కమ్‌లొక్యూషన్ అన్నీ ఒక్క గుంపుల వెట్టి "ఎక్కువ మాట్లాడుడు" అని రాసిండ్రు. గట్లనే బట్టీ కొట్టిన. పరీక్షల పనికొచ్చింది గని వాడుకల పనికి రాలే. అవన్నీ ఒకటేనా మరి?

పుంతదారి
ఒకటి కాదు తమ్ముడూ. గారలస్, లొక్వేషియస్ మనిషికి చెప్పేవి, వాగుడుకాయ అన్నట్టు. వర్బోస్ రాతకు, ప్రసంగానికి చెప్తారు, మాటలు ఎక్కువయ్యాయని. వర్బోస్‌గా రాసినవాడు అసలు మాట కూడా రాసి ఉండొచ్చు, దాని పక్కన మరో యాభై మాటలు పోసి ఉంటాడు. సర్కమ్‌లొక్యూషన్‌లో అసలు మాటే కనబడదు. కోడర్ గారి వాక్యం మళ్ళీ చూడండి. "ఆలస్యం" అన్న మాట ఎక్కడుంది? "శుక్రవారం" ఎక్కడుంది? "యాక్సెస్" ఎక్కడుంది? మూడూ లేవు. మూడిటి చుట్టూ తిరిగింది. మేనేజర్ సరైన పదమే పట్టుకున్నాడు, వర్బోస్ అని రాసి ఉంటే తప్పయ్యేది.

జీఆర్ఈలో పాతకాలం వ్యతిరేకార్థాల ప్రశ్నలు ఉన్నప్పుడు ఈ గుంపుల బట్టీ పనికొచ్చింది. 2011లో అవి తీసేశారు. ఇప్పుడు ఖాళీలు పూరించే ప్రశ్నల్లో వాక్యం తెలియకపోతే గుంపు తెలిసినా లాభం లేదు.

కూకట్‌పల్లి_కోడర్
పుంతదారి మాస్టారూ, ప్రాణం కొంచెం కుదుటపడింది. కానీ ఒకటి. మర్యాద కోసం అలా రాయడం తప్పెలా అవుతుంది? వాళ్ళే కదా ప్రతిదానికీ "ఐ వండర్ ఇఫ్ యూ కుడ్ పాసిబ్లీ" అని తిప్పేది.

లీడ్స్_తెలుగమ్మాయి
ఇక్కడ ఉద్యోగం చేస్తున్నదాన్ని కాబట్టి చెప్తాను. వీళ్ళు తిప్పుతారు, నిజం. "మైట్ బీ వర్త్ హావింగ్ అనదర్ లుక్" అన్నారంటే మళ్ళీ మొదట్నుంచి చెయ్యమని. "విత్ రెస్పెక్ట్" అన్నారంటే నువ్వన్నది తప్పని. కొత్తలో నేను ఇవన్నీ పైకి కనబడే అర్థంలోనే తీసుకునేదాన్ని. కానీ వీళ్ళు తిప్పేది మనిషితో మాట్లాడేటప్పుడు. ఎదుటివాడి పనిని విమర్శించాలంటే మెత్తగా తిప్పుతారు. తేదీలు, డబ్బు, అడ్డంకి ఉన్న చోట తిప్పితే వీళ్ళకి అస్సలు నచ్చదు. మనం సరిగ్గా తలకిందులు. పనికి సంబంధించిన చెడు వార్త చెప్పాలంటే నానుస్తాం, "నువ్వు లావయ్యావేంటి" మాత్రం గుమ్మంలోనే అడిగేస్తాం.

వీళ్ళ ప్రభుత్వంలోనే దీనిమీద పెద్ద పోరు నడిచింది. 1940 ఆగస్టులో, యుద్ధం మధ్యలో, చర్చిల్ తన మంత్రివర్గానికి "బ్రెవిటీ" అనే శీర్షికతో ఒక నోట్ పంపాడు. "ఇట్ ఈజ్ ఆల్సో ఆఫ్ ఇంపార్టెన్స్ టు బేర్ ఇన్ మైండ్ ద ఫాలోయింగ్ కన్సిడరేషన్స్" లాంటి పదబంధాలు ఇక ఆపండి, చాలావరకు ఇవి ఊరికే నింపుడు మాటలు అని రాశాడు. యుద్ధం అయ్యాక ట్రెజరీ వాళ్ళే సర్ ఎర్నెస్ట్ గవర్స్‌ని అడిగి ఉద్యోగులకు సూటిగా రాయడం నేర్పే పుస్తకం రాయించుకున్నారు, 1948లో "ప్లెయిన్ వర్డ్స్" అని వచ్చింది. అమెరికాలో అయితే 2010లో ఏకంగా ప్లెయిన్ రైటింగ్ యాక్ట్ అని చట్టమే చేశారు. కాబట్టి మీ మేనేజర్ మిమ్మల్ని అన్న మాట వాళ్ళు వాళ్ళ సొంత ఉద్యోగుల్నే ఎప్పట్నుంచో అంటున్నారు.

సీమకారం
లావయ్యావేంటి అని అడగడంలో తప్పేముందక్కా, అది ప్రేమ.

గుంటూరు_ఘాటు
ప్రేమే. పెళ్ళిలో వరసగా నలభై మంది ప్రేమ చూపించారు నాకు.

ఓరుగల్లు_పోరడు
చర్చిల్ గురించి చెప్పిన్రు కదా అక్కా. గాయననే 1906ల పార్లమెంటుల "టెర్మినలాజికల్ ఇన్‌ఎక్సాక్టిట్యూడ్" అన్నడు, అంటే మాటల్ల కచ్చితం లేకపోవుడు. చైనా కూలీల ముచ్చట వచ్చినప్పుడు. సభల అబద్ధం అనే మాట అనొద్దు కాబట్టి దాన్ని తర్వాత అందరు అబద్ధానికి మారుపేరు లెక్క వాడుకున్నరు. గిది సర్కమ్‌లొక్యూషన్ కాదా?

లీడ్స్_తెలుగమ్మాయి
అదీ ఇదే కోవ. ఇంకోటి కూడా ఉంది. 1986లో బ్రిటన్ క్యాబినెట్ సెక్రటరీ రాబర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఆస్ట్రేలియా కోర్టులో సాక్ష్యం చెప్తూ "ఎకనామికల్ విత్ ద ట్రూత్" అన్నాడు. నిజాన్ని పొదుపుగా వాడామని! ఇప్పటికీ ఇక్కడ జనం నోట్లో ఆ మాట నానుతూనే ఉంది. కోడర్ గారి వాక్యానికీ దీనికీ చాలా దూరం. అక్కడ దాచాలన్న ఉద్దేశం ఉంది.

పాతఫైలు
సచివాలయంలో సెక్షన్ ఆఫీసరుగా చేసి రిటైరయినవాణ్ణి. ఆఫీసు భాషను ఈ మధ్య అందరూ తిట్టడమే. కొంచెం మా వైపు కూడా వినండి. "ఐ యామ్ డైరెక్టెడ్ టు స్టేట్" అని ఉత్తరం మొదలుపెడతాం. చూసేవాళ్ళకి డొంకతిరుగుడులా ఉంటుంది. కాదు. ఆ నిర్ణయం నాది కాదు, ప్రభుత్వానిది, నేను తెలియజేసేవాణ్ణి మాత్రమే అన్న సంగతి ఆ నాలుగు మాటల్లో ఉంది. అదే అధికారి డీఓ లెటరు (సొంత పేరుతో రాసే డెమి-అఫీషియల్ ఉత్తరం) రాస్తే "ప్రియమైన ఫలానా గారూ" అని మొదలుపెట్టి "నేను" అనే రాస్తాడు, ఎందుకంటే అక్కడ మాట్లాడేది ఆయన. జీవో చివర "గవర్నరు ఉత్తర్వు మేరకు, ఆయన పేరిట" అన్న వాక్యం చూసి నవ్వుకుంటారు. రాజ్యాంగంలో 166వ అధికరణం రాష్ట్ర ప్రభుత్వ చర్యలన్నీ గవర్నరు పేరిట జరుగుతున్నట్టు వ్యక్తం చేయాలంటుంది. కేంద్రానికైతే 77వ అధికరణం, రాష్ట్రపతి పేరిట. ఆ వాక్యం తీసేస్తే కాగితం పొట్టిదవుతుంది, బలం పోతుంది. చుట్టు తిరిగిన ప్రతి మాటా వృథా కాదు.

ఓరుగల్లు_పోరడు
సార్, మీ మీద గౌరవం ఉంది గని నేను ఒప్పుకోను. మా పెద్దనాయన భూమి మ్యుటేషన్ కోసం తిరిగి తిరిగి యాష్టకొచ్చిండు. ఎప్పుడు వోయినా ఒకటే కాగితం. "తమరి అర్జీ పరిశీలనలో ఉన్నది, నిబంధనల మేరకు తగు చర్య తీసుకొనబడును." గండ్ల ఎవరు తీసుకుంటరో లేదు, ఎప్పుడు తీసుకుంటరో లేదు, ఏం చర్యనో లేదు. గవర్నర్ పేరు పెట్టుడు రాజ్యాంగం అన్నరు సరే, గిది ఏ అధికరణం?

పాతఫైలు
అది ఏ అధికరణమూ కాదు బాబూ. దాన్ని నేను వెనకేసుకు రాను. నేను చెప్పే తేడా ఇదీ: ఆ వాక్యాన్ని పట్టుకుని "ఎవరు, ఎప్పటిలోగా" అని అడిగితే జవాబు దొరుకుతుందా లేదా? "ఐ యామ్ డైరెక్టెడ్" అన్నచోట ఎవరు డైరెక్ట్ చేశారో ఫైల్లో సంతకంతో సహా ఉంటుంది. "తీసుకొనబడును"లో ఎవరూ లేరు. కర్మణి వాక్యంలో కర్త మాయమైపోయాడు. తెలుగులో మనం మాట్లాడేటప్పుడు "బడు" ఎక్కడా వాడం, ఇంట్లో ఎవరూ "అన్నం తినబడింది" అనరు. ఆఫీసు కాగితంలోకి వచ్చేసరికి ప్రతి క్రియకూ అది అతుక్కుంటుంది. కర్తను దాచడానికి అంత అనువైన తోక మరొకటి లేదు.

మీ పెద్దనాన్నగారికి ఒక పని చెప్పండి. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టమనండి. "నా పని ఎప్పుడవుతుంది" అని అడగొద్దు, దానికి మళ్ళీ పరిశీలనలో ఉందనే వస్తుంది. "నా అర్జీ ఏ తేదీన ఏ అధికారి దగ్గరికి వెళ్ళింది, ఆయన హోదా ఏమిటి, ఆయన దగ్గర ఎన్ని రోజులుంది, ఆయన రాసిన నోట్ నకలు ఇవ్వండి" అని అడగమనండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే, ఇచ్చింది సరిగా లేకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు వేయొచ్చు. తేదీ, హోదా అడిగితే తిప్పడానికి చోటుండదు.

ఓరుగల్లు_పోరడు
గిది మాత్రం మస్తు పనికొచ్చే ముచ్చట సార్. ఇయ్యాలనే రాపిస్త.

పుంతదారి
పాతఫైలు గారూ, మీరు చెప్పిన ఆ కర్తలేని కాగితానికే ఇంగ్లీషు సాహిత్యంలో పేరు పెట్టేశారు. డికెన్స్ "లిటిల్ డోరిట్" నవల 1855 నుంచి 1857 వరకు భాగాలుగా వచ్చింది. అందులో ఒక ప్రభుత్వ శాఖ పేరే సర్కమ్‌లొక్యూషన్ ఆఫీస్. ఏ పనైనా ఎలా చెయ్యకుండా ఉండాలో కనిపెట్టడమే దాని విద్య. బార్నకిల్ అనే ఒక్క కుటుంబం వాళ్ళు కుర్చీలన్నీ ఆక్రమించి ఉంటారు. బార్నకిల్ అంటే ఓడ అడుగున అతుక్కుని ఊడిరాని జీవి. క్రిమియా యుద్ధంలో సైనికులకు సరుకులు, వైద్యం అందక బ్రిటన్ జనం మండిపడుతున్న రోజులవి. అప్పట్నుంచి ఆ పదానికి ఆఫీసు వాసన అంటుకుంది. ఇంగ్లీషు చదువుకున్నవాళ్ళకు ఇప్పటికీ అది వినగానే ఫైళ్ళు గుర్తొస్తాయి.

సీమకారం
అంటే మేనేజర్ మనోణ్ణి తాసిల్దారు ఆఫీసుతో పోల్చినాడా?

కూకట్‌పల్లి_కోడర్
సీమకారం అన్నా, ఇప్పుడిప్పుడే తేరుకుంటున్నాను, వదిలెయ్.

మాటమందు
నేను స్పీచ్ థెరపిస్టుని. మా దగ్గర ఈ పదం రోజూ వాడతాం, తిట్టుగా కాదు. పక్షవాతం వచ్చాక, ముఖ్యంగా మెదడు ఎడమవైపు దెబ్బతిన్నప్పుడు, కొందరికి మాటలు దొరకవు. వ్యాకరణం బాగుంటుంది, ధార బాగుంటుంది, వస్తువు పేరు దగ్గర ఆగిపోతారు. దాన్ని అనోమిక్ అఫేసియా అంటాం. తాళంచెవి చూపించి ఇదేమిటి అని అడిగితే ఒక పెద్దాయన "అదేనమ్మా, తలుపుకి, ఇలా పెట్టి ఇలా తిప్పుతాం, బయటికెళ్ళేటప్పుడు నడుముకి దోపుకునేది" అన్నారు. చేత్తో తిప్పి చూపించారు కూడా. "తాళంచెవి" మాత్రం రాలేదు. రిపోర్టులో "సర్కమ్‌లొక్యూషన్ ఉంది" అని రాశాను. అది శుభవార్త! వస్తువు తెలుసు, వాడకం తెలుసు, ఎదుటివాళ్ళకు అందించే దారి వెతుక్కుంటున్నారు. ఏమీ అనకుండా ఊరుకునేవాళ్ళకంటే వీళ్ళతో పని ఎంతో సులువు.

మేం ఆ చుట్టు తిరగడాన్నే మందులా వాడతాం. ఇది ఏ జాతి వస్తువు, దేనికి పనికొస్తుంది, ఎలా ఉంటుంది, ఎక్కడ దొరుకుతుంది, దీన్ని చూస్తే ఏం గుర్తొస్తుంది అని వరసగా అడుగుతూ పోతాం. అలా చుట్టూ చెప్పిస్తుంటే చాలాసార్లు అసలు మాట దానంతట అదే పైకి వస్తుంది. ఆ పద్ధతి పేరు సిమాంటిక్ ఫీచర్ అనాలిసిస్. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఇలా మాట వెతుక్కుంటుంటే దయచేసి మధ్యలో అందించకండి, కాస్త ఆగండి. వాళ్ళని చెప్పనివ్వండి. ఒక్కసారిగా అలా మాట తడబడటం మొదలైతే మాత్రం ఆగొద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

జూనియర్_డాక్టర్
మాటమందు అక్కా, మా సైకియాట్రీ పోస్టింగులో దీనికి దగ్గరగా వినబడే ఇంకో మాట ఉంది, పిల్లలు కలిపేస్తుంటారు. సర్కమ్‌స్టాన్షియాలిటీ. రాత్రి నిద్ర పట్టిందా అని అడిగితే మంచం కొన్న కథ, వడ్రంగి కథ, కరెంటు పోయిన కథ అన్నీ చెప్పి చివరికి "పట్టింది డాక్టరు గారూ" అంటారు. జవాబుకి చేరతారు. అసలు చేరకుండానే ఎటో వెళ్ళిపోతే అది టాంజెన్షియాలిటీ. సర్కమ్‌లొక్యూషన్ ఒక పదం దగ్గర జరిగేది, ఇవి ఆలోచన నడక గురించి.

గుంటూరు_ఘాటు
మా బాబాయి ఫోన్ చేస్తే మూడూ జరుగుతాయి.

ఓరుగల్లు_పోరడు
ఐఈఎల్‌టీఎస్ చెప్పే మా సార్ గూడ గిదే అంటుండె. స్పీకింగుల మాట యాదికి రాకపోతే నోరు మూసుకొని కూసోవద్దు, దాని గురించి చెప్పుమన్నడు. జల్లెడను ఇంగ్లీషుల ఏమంటరో తెల్వక ఒక పిల్ల "పిండిని వడగట్టే గుండ్రటి జాలి" అన్నట్టు చెప్పి గట్టెక్కింది. మార్కులేసే పద్ధతిల "పారాఫ్రేజ్ (వేరే మాటలతోని చెప్పుడు) బాగ వాడుతడా" అనేది పదసంపద కింద ఒక ముచ్చట. అంటే ఒక కాడ మార్కులిచ్చేదే ఇంకో కాడ మార్కులు కోసేది.

అలంకారప్రియ
ఇంతమంది ఇంత మాట్లాడారు, మన ఆలంకారికుల్ని ఎవరూ తలవలేదు. పర్యాయోక్తం అనే అలంకారమే ఉంది మనకు. "పర్యాయోక్తం యదన్యేన ప్రకారేణాభిధీయతే" అన్నాడు భామహుడు. చెప్పదలచింది మరో విధంగా చెప్పడం. ఆనందవర్ధనుడు 9వ శతాబ్దంలో ధ్వన్యాలోకంలో ఎత్తి చూపిన శ్లోకం వినండి. విష్ణువు చక్రంతో రాహువు తల నరికాడు అనాలి. కవి ఆ మాట అనడు. తన చక్రానికి ఇచ్చిన ఆజ్ఞతో రాహువు భార్యల శృంగారంలో కౌగిలింతలు లేకుండా ముద్దులు మాత్రమే మిగిల్చినవాడు అంటాడు. మొండెం లేనివాడికి కౌగిలి ఎక్కడిది? తల ఒక్కటే మిగిలిందన్న సంగతి మనమే ఊహించుకోవాలి, ఊహించుకున్న క్షణంలో కలిగే ఆనందమే కవిత్వం. చుట్టు తిరగడాన్ని దోషమనే ముందు మనవాళ్ళు దాన్ని అందమన్నారని మరిచిపోవద్దు.

పుంతదారి
అలంకారప్రియ గారూ, శ్లోకం అద్భుతం. ఒక్క తేడా మాత్రం ఉంచుకుందాం. అక్కడ చదివేవాడికి అసలు విషయం ముందే తెలుసు. రాహువు కథ తెలియనివాడికి ఆ శ్లోకం శుక్రవారం మెయిలే.

అలంకారప్రియ
ఒప్పుకున్నాను. పర్యాయోక్తానికి సహృదయుడు, అంటే రసం తెలిసిన పాఠకుడు కావాలి. మేనేజరుకు తేదీ కావాలి.

సీమకారం
మా అవ్వ చేసేది గూడా ఇదేనా? బియ్యం అయిపోతే అయిపోయినాయి అనదు, నిండుకున్నాయి అంటాది. దీపం ఆరిపోయింది అనదు, కొండెక్కింది అంటాది. మా అక్క మంగళసూత్రం తెగితే పెరిగింది అనాలని అందరి నోర్లూ మూయించింది. ఊరికి బయల్దేరేటప్పుడు పోతా అంటే ఊరుకోదు, వస్తా అనల్ల. చిన్నప్పుడు బియ్యం నిండుకున్నాయంటే డబ్బా నిండా ఉన్నాయని నేను అంగడికి పోలేదు, ఆ రోజు ఇంట్లో పెద్ద గొడవ.

పుంతదారి
అది యూఫెమిజమ్. అశుభం పలకకుండా శుభమైన మాట పెట్టడం. నిండుకున్నాయి ఒక్క మాటే, పొడవేమీ పెరగలేదు. మాట మారితే యూఫెమిజమ్, మాట పొడవై చుట్టు తిరిగితే సర్కమ్‌లొక్యూషన్. రెండూ ఒకేసారి జరగొచ్చు కూడా. భర్త పేరు చెప్పకుండా "మా పెద్దబ్బాయి వాళ్ళ నాన్న" అనడంలో రెండూ ఉన్నాయి.

లీడ్స్_తెలుగమ్మాయి
మా అమ్మ ఇప్పటికీ నాన్నని "ఇదిగో, మిమ్మల్నే" అని పిలుస్తుంది. అదైతే చాలా సూటిగా ఉంటుంది.

నల్లకోటు
ఈ గుంపులో మరో పదం ఉంది, అందరూ దీంతో కలిపేస్తారు. ఇన్యుయెండో. లాటిన్‌లో తల ఊపి సైగ చేయడం అన్న మాట నుంచి వచ్చింది. చుట్టు తిరగడం కాదు, చురుగ్గా ఒక్క మాటలో సూచన విసరడం. "ఆయన జీతానికి ఆ మేడ ఎలా వచ్చిందో మరి" అన్నట్టు. పరువు నష్టం దావాల్లో వాది పైకి కనబడని అర్థం వల్ల తన పరువు పోయిందని చూపించాలనుకుంటే దాన్ని ఇన్యుయెండో అనే పేరుతోనే వాదనలో రాయాలి. నేను సూటిగా అనలేదుగా అని తప్పించుకోవడం కుదరదు. పాత ఐపీసీ 499 సెక్షన్ మూడో వివరణలోనే వెటకారంగా అన్నా, "ఇదో, అదో" అని వికల్పంగా అన్నా పరువు నష్టం కావచ్చని ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్లోనూ అదే వివరణ కొనసాగింది. ఫేస్‌బుక్‌లో "పేరు చెప్పను గానీ" అని మొదలుపెట్టేవాళ్ళు ఒకసారి చదువుకోండి.

గుంటూరు_ఘాటు
పేరు చెప్పను గానీ, ఈ చర్చలో ఒకాయన ఇందాక మేనేజర్‌ని తాసిల్దారుతో కలిపారు.

సీమకారం
అది ఇన్యుయెండో కాదప్పా, సూటిగా నా మీదకే వేసినావు.

లీడ్స్_తెలుగమ్మాయి
కోడర్ గారూ, అందరం మాటలమీద పడ్డాం, మీ మెయిల్ అక్కడే ఉంది. వేరే టీమ్‌ని నిందించకూడదన్న మీ మర్యాద మంచిదే, అది పోగొట్టుకోవద్దు. మనిషిని తీసేసి వస్తువును కర్తగా పెట్టండి. "డేటాబేస్ యాక్సెస్ ఇంకా రాలేదు. బుధవారం సాయంత్రంలోగా వస్తే శుక్రవారానికి ఇస్తాం. రాకపోతే వచ్చే మంగళవారం." ఎవరి పేరూ లేదు, ఎవరి మీదా నింద లేదు, చదివినవాడికి మూడు సంగతులూ తెలిశాయి.

పాతఫైలు
అమ్మాయి బాగా చెప్పింది. ఒకటి కలుపుతాను. యాక్సెస్ ఎవరిని, ఏ తేదీన అడిగారో ఆ మెయిల్ జతచేయండి. మేం "సూచిక" అని పైన పెట్టేవాళ్ళం. చదివేవాడికి అవసరమైతే తెరిచి చూసుకుంటాడు.

కూకట్‌పల్లి_కోడర్
లీడ్స్ అమ్మాయి గారూ, మీరు రాసింది కాస్త మార్చి పొద్దున పంపాను, పాతఫైలు సార్ చెప్పినట్టు పాత మెయిల్ జతచేసి. పదిహేను నిమిషాల్లో ఆ టీమ్ లీడ్ ఫోన్ చేసి, ఆమోదం ఇవ్వాల్సినాయన సెలవులో ఉన్నాడు, ఇంకొకరితో ఇప్పిస్తానన్నాడు. ఎవరూ నొచ్చుకోలేదు. మర్యాద విషయంలో నా అభిప్రాయం మారలేదు. పది మంది ముందు ఒకడి పేరు పెట్టి వేలు చూపడం నాకు చేతకాదు, చెయ్యను కూడా. ఇక ఆఖరి సందేహం. రేపు మేనేజర్‌తో మాట్లాడాలి, ఈ పదాన్ని పలకడం ఎలా? విశేషణం ఏమిటి?

పుంతదారి
బలమంతా "క్యూ" మీద వేయండి. సర్కమ్‌ల"క్యూ"షన్. ముందున్న "లొ" తేలిపోవాలి, నొక్కి "లోక్యూషన్" అనకండి. విశేషణం సర్కమ్‌లొక్యుటరీ, అక్కడ బలం "లొ" మీదికి జరుగుతుంది. క్రియగా సర్కమ్‌లొక్యూట్ నిఘంటువుల్లో ఉన్నా ఎవరూ వాడరు. ఒకే ఒక తిరుగుడు మాటను చూపించాలంటే "ఎ సర్కమ్‌లొక్యూషన్" అనొచ్చు, అలవాటు గురించి అయితే ముందు ఏమీ పెట్టక్కర్లేదు. "విదౌట్ సర్కమ్‌లొక్యూషన్" అంటే సూటిగా అని. దారి గురించో తర్కం గురించో చెప్పాలంటే ఇది వాడకూడదు, అప్పుడు సర్క్యూయిటస్.

సీమకారం
యాక్సెస్ వచ్చిందా మరి?

కూకట్‌పల్లి_కోడర్
వచ్చింది. శుక్రవారానికే ఇచ్చేస్తున్నాం.